పడ్డానని ఎవరికీ చెప్పలేదు

తెనాలిలో ఓ పాత వీధి. ఆ వీధిలో 1976లో కట్టిన డాబా ఇల్లు. ముందు అరుగు, లోపల వరసగా మూడు గదులు, ఆ వెనక వంటిల్లు, వసారా. వసారాకి ఆనుకుని బాత్రూము. దాటితే పెరడు, నూతిపళ్లెం, తులసికోట. డెబ్భై ఆరేళ్ల మామ్మగారికి ఆ ఇల్లు అరచేయి లాంటిది. ఏ తలుపు ఎక్కడ కిర్రుమంటుందో, ఏ నాపరాయి ఏ వానలకు కుంగిందో ఆవిడకి తెలుసు. కళ్లు మూసుకుని వంటింట్లోకి వెళ్లి ఉప్పు డబ్బా తేగలరు. ‘ఈ ఇంట్లో తిరగడానికి నాకు లైటెందుకే?’ అని పనిమనిషిని కసిరేవారు.

ఆ ఇంట్లోనే ఆవిడ పడ్డారు.

2023 ఫిబ్రవరిలో ఓ రాత్రి. రెండున్నర అయి ఉంటుంది. బాత్రూముకని లేచారు. కరెంటు లేదు. దిండు పక్కన టార్చిలైటు ఉండాలిగానీ అది టీవీ బల్ల మీద ఉంది. తెలిసిన దారే కదా అని నడిచారు. బాత్రూము ముందు నాలుగంగుళాల గడప. నలభై ఏడేళ్లుగా రోజుకి పదిసార్లు దాటిన గడప. ఆ రాత్రి కాలు కొంచెం తక్కువ ఎత్తు లేచింది. అంతే... బొటనవేలు తగిలింది. తలుపురెక్క పట్టుకోబోతే అది ఆవిడతోపాటే వెనక్కి వెళ్లిపోయింది. పక్కకి పడ్డారు.

ఎముకలేం విరగలేదు. తొడ మీద మాత్రం అరచేయంత మేర నల్లగా కమిలింది. పొద్దున పనిమనిషి చూసి ‘అదేంటి మామ్మగారూ?’ అంటే ‘మంచంకోడు తగిలిందిలే’ అన్నారు. ఆదివారం హైదరాబాద్ నుంచి కొడుకు ఫోను. ‘ఎలా ఉన్నావమ్మా?’ ‘నాకేంరా, రాయిలా ఉన్నా.’ గుంటూరు నుంచి కూతురు ఫోను. అక్కడా అదే జవాబు.

ఆ విషయం అలా ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఆర్నెల్లు.

భయం చేసిన పని

ఆ ఆర్నెల్లలో ఆవిడ పడకుండా ఉండటానికి చాలా జాగ్రత్తలు తీసుకున్నారు. అన్నీ సొంతగా ఆలోచించినవే. సాయంత్రం గుడికి నడిచి వెళ్లడం మానేశారు. మార్కెట్టుకి వెళ్లడం మానేశారు. ఇంట్లో గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్లు తాగేవారు కాదు.

చూడటానికి ఇవన్నీ జాగ్రత్తల్లాగే ఉంటాయి. కానీ నడక మానేస్తే తొడల్లో బలం తగ్గుతుంది. తొడల్లో బలం తగ్గితే అడుగు ఎత్తుగా లేవదు. మనిషి తూలినప్పుడు నిలదొక్కుకోవాల్సింది కూడా ఆ కాళ్లే. ఇక ఒంట్లో నీరు తగ్గితే పడక మీంచి లేచినప్పుడు బీపీ చటుక్కున పడిపోయి కళ్లు తిరుగుతాయి. మొదటిసారి ఆవిడ్ని పడేసింది గడప, చీకటి. రెండోసారి పడటానికి దారి వేసింది మాత్రం ఆ భయమే.

ఆ రెండోసారి రానే వచ్చింది. ఆగస్టులో, శ్రావణ శుక్రవారం నాడు. తలస్నానం చేసి పిండివంటలు మొదలుపెట్టాలని తెల్లవారుజామున నాలుగున్నరకే గబుక్కున లేచారు. రెండడుగులు వేశారో లేదో కళ్లు చీకట్లు కమ్మాయి. పడుతూ కుడిచెయ్యి ముందుకు చాచారు. ఒళ్లంతటి బరువూ ఆ చేతి మీద పడింది. మణికట్టు దగ్గర పుల్ల విరిగిన చప్పుడు ఆవిడకే వినిపించింది.

లేవలేకపోయారు. ఒక చెయ్యి పనికిరాదు. మోకాళ్లలో సత్తువ లేదు. ఫోను టీవీ బల్ల మీద ఉంది. మంచానికీ బల్లకీ మధ్య దూరం నాలుగు గజాలు. నలభై ఏడేళ్ల నుంచి చీకట్లో తిరిగిన ఇంట్లో ఆ నాలుగు గజాలు దాటలేక చల్లని నాపరాళ్ల మీద పడుకుని కప్పుకేసి చూస్తూ ఉండిపోయారు. ఆరుంబావుకి పాలబ్బాయి గంట కొట్టాడు. లోపల్నుంచి సన్నగా ‘ఒరే అబ్బాయ్...’ అని వినిపించింది. తలుపు గడియ వేసి ఉంది. ఎదురింటివాళ్లని లేపి, పెరటి గోడ దూకి లోపలికొచ్చారు.

‘తుంటి ఎముక కాదు, అదృష్టవంతురాలు’ అన్నారు గుంటూరు ఆసుపత్రిలో కట్టు వేసిన డాక్టరు. ఆ మాట నిజమే. పెద్దవయసులో తుంటి విరిగితే ఆపరేషనూ, నెలల తరబడి మంచమూ తప్పకపోవచ్చు. చాలామంది మళ్లీ ముందులా తిరగలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కింద పడటం వల్ల ఏటా ప్రపంచంలో 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ తగిలే గాయాలతో పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అందులోనూ ఎక్కువమంది అరవై దాటినవాళ్లే.

డాక్టరు ఇంకో ప్రశ్న కూడా అడిగారు. ‘ఇంతకు ముందెప్పుడైనా పడ్డారా అమ్మా?’

మామ్మగారు కొడుకు వైపు చూశారు. కూతురి వైపు చూశారు. ‘లేదు బాబూ’ అన్నారు.

‘నువ్వు కూర్చోమ్మా...’

కట్టుతో ఉన్న తల్లిని ఒంటరిగా ఎలా వదులుతారు? కొడుకు హైదరాబాద్ తీసుకెళ్లాడు. కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాటు. అద్దంలా మెరిసే నేల. లిఫ్టు, వాచ్‌మన్, ఇరవైనాలుగ్గంటలూ కరెంటు. ఇక్కడ భయమేం లేదనుకున్నారంతా.

కోడలు మంచిపిల్ల. అత్తగారు కుర్చీలోంచి లేవబోతే పరుగెత్తుకొచ్చేది. ‘అత్తయ్యా, మీరు లేవకండి. మంచినీళ్లేగా, నేను తెస్తాను.’ కొడుకు ఆఫీసు నుంచి ఫోను చేసి ‘కూర్చునే ఉందా?’ అని అడిగేవాడు. మనవడు రిమోటు చేతికిచ్చి ‘నానమ్మా, కూర్చుని సీరియల్ చూసుకో’ అనేవాడు. ఇంట్లో అందరికీ ఆవిడంటే ప్రేమే. ఆ ప్రేమంతా ఒక్క మాటగా తేలింది. ‘కూర్చో.’

ఆరువారాలు కూర్చున్నారు. కట్టు విప్పేనాటికి సోఫాలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఓ మధ్యాహ్నం హాల్లో మనవడి ల్యాప్‌టాప్ వైరు కాలికి తగులుకుంది. సోఫా చెయ్యి అందింది కాబట్టి సరిపోయింది. ఇంకోరోజు తలుపు దగ్గరి కాళ్లపట్టా నున్నటి నేల మీద జారింది. కోడలు పక్కనే ఉంది కాబట్టి ఆగారు. ప్రమాదం తెనాలి ఇంట్లోనే ఉందనీ, దాన్ని అక్కడే వదిలి వచ్చామనీ అనుకోవడం ఎంత పొరపాటో అప్పుడు అర్థమైంది కొడుక్కి.

నిజానికి పడటానికి ఒకే కారణం ఉండటం అరుదు. 1988లో అమెరికాలో మేరీ టినెట్టి అనే వైద్యురాలి బృందం డెబ్భై అయిదేళ్లు దాటి సొంత ఇళ్లలో ఉంటున్న 336 మందిని ఏడాదిపాటు గమనించింది. వాళ్లలో 32 శాతం మంది కనీసం ఒక్కసారైనా పడ్డారు. నిద్రమాత్రలు, కాళ్లలో బలహీనత, నడకలో తూలు, పాదాల బాధలు... ఇలాంటివి ఒక్కటీ లేనివాళ్లలో పడే అవకాశం 8 శాతమే. నాలుగూ అంతకంటే ఎక్కువా పోగైతే 78 శాతం. అంటే ఒక్కో కారణాన్నీ తీసేస్తూ పోతే ప్రమాదమూ తగ్గుతూ పోవచ్చు. వయసుని ఎవరూ తగ్గించలేరు. మిగతావాటిలో చాలావాటిని తగ్గించవచ్చు.

మణికట్టు కాదు, కాళ్లు!

కట్టు విప్పాక చేతి వేళ్లు బిగుసుకుపోయాయి. వాటిని కదిలించడం నేర్పడానికి ఇంటి దగ్గర ఉన్న ఫిజియోథెరపీ సెంటరుకి తీసుకెళ్లారు. అక్కడి అమ్మాయికి పాతికేళ్లుంటాయి. నాలుగు రోజులు చేతికి వ్యాయామం చేయించి, అయిదో రోజు అంది... ‘మామ్మగారూ, చెయ్యి బాగవుతుందిలెండి. కానీ మిమ్మల్ని పడేసింది చెయ్యి కాదుగా, కాళ్లు. వాటి సంగతి చూద్దామా?’

కుర్చీలో కూర్చోబెట్టింది. మూడు మీటర్ల దూరంలో నేల మీద సున్నంతో గీత గీసింది. లేచి, మామూలుగా ఆ గీత దాకా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమంది. గడియారం చూసింది. ఈ పరీక్ష 1991 నుంచీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. మందూ మాకూ లేదు, మిషనూ అక్కర్లేదు. పన్నెండు సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే జాగ్రత్తపడాలని గుర్తు. మామ్మగారికి ఇరవైఒకటి పట్టింది.

‘నిజం చెప్పండి. ఇంతకు ముందు కూడా పడ్డారు కదూ?’

కొడుకు బయట బండి దగ్గర ఉన్నాడు. మామ్మగారు తలుపు వైపోసారి చూసి, తలూపారు.

‘మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదు?’

‘చెబితే ఇంటికి తాళం వేస్తారమ్మా. నన్నిక అక్కడ ఉండనిస్తారా?’

ఆ అమ్మాయి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ‘మీరే చెప్పండి. ఇవాళే చెప్పండి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా పడ్డారో తెలియకపోతే మేం మాత్రం ఏం ఆపగలం?’ అంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక మామ్మగారు కొడుకుతో చెప్పారు. గడప, చీకటి, మంచంకోడు అబద్ధం, గుడికి మానేయడం, నీళ్లు మానేయడం... అన్నీ. కొడుక్కి ముందు కోపం వచ్చింది. ‘నాతో చెప్పొద్దా అమ్మా? చెప్పుంటే అప్పుడే ఇక్కడికి...’ అంటూ సగంలో ఆగిపోయాడు.

అక్కడే ఉంది తిరకాసంతా. కొన్నేళ్లుగా తల్లి ఏం చెప్పినా అతని దగ్గర ఉన్నది ఒక్కటే జవాబు. మోకాళ్లు నొప్పులంటే ‘ఇక్కడికొచ్చెయ్’. పనిమనిషి రావట్లేదంటే ‘ఇక్కడికొచ్చెయ్’. కరెంటు పోయిందంటే ‘ఇక్కడికొచ్చెయ్’. ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేం లేదు. కానీ ప్రతి కష్టానికీ ఇల్లు వదలడమే పరిహారమైతే ఏ పెద్దావిడ మాత్రం కష్టం చెప్పుకుంటుంది? చెప్పడం మానేసింది. అతనేమో అమ్మకి ఏ ఇబ్బందీ లేదనుకున్నాడు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి మామ్మగారే అన్నారు. ‘ఒరే... సంక్రాంతికి నా వాకిట్లో నేను ముగ్గు వేసుకోవాలి. దానికేం చెయ్యమంటే అది చేస్తా. పసిపిల్లలా మాటింటా. కూర్చోమని మాత్రం అనకు.’

మందుల సంచీ విప్పితే

ముందు డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఉన్న మందులన్నీ సంచీలో వేసుకు రమ్మన్నారాయన. బీపీ మాత్ర ఉంది. దాంతోపాటు ఓ సగం ముక్క నిద్రమాత్ర కూడా ఉంది. ఎనిమిదేళ్ల కిందట మాస్టారు పోయినప్పుడు నిద్రపట్టడం లేదంటే ఎవరో రాసిచ్చింది. పది రోజులకని ఇచ్చిన మాత్ర ఎనిమిదేళ్లుగా సాగుతోంది. నిద్రమాత్ర మత్తు పెద్దవాళ్ల ఒంట్లోంచి త్వరగా వదలదు. తెల్లవారుజామున లేచినా తూలు ఉంటుంది.

తర్వాత పడుకోబెట్టి బీపీ చూశారు. పై అంకె 148. నిలబెట్టి, రెండు నిమిషాలాగి మళ్లీ చూశారు. 122. లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది పట్టించుకోవాల్సిన సంగతి. కూర్చోబెట్టి మాత్రమే బీపీ చూస్తే ఈ తేడా ఎప్పటికీ బయటపడదు. డాక్టరు బీపీ మాత్ర మోతాదు మార్చారు. నిద్రమాత్రని ఒక్కసారిగా కాకుండా వారాల తరబడి తగ్గిస్తూ మాన్పించారు. సొంతంగా మాత్రలు ఆపేయడం ప్రమాదమనీ, ఏది తగ్గించినా అడిగే తగ్గించాలనీ గట్టిగా చెప్పారు. చిన్న పాటుకే ఎముక విరిగింది కాబట్టి ఎముకలు గుల్లబారాయేమో పరీక్ష చేయించి, దానికీ మందు రాశారు. లేచేటప్పుడు మంచం మీద కాళ్లు కిందికి వేలాడేసి, పాదాలు నాలుగుసార్లు ఆడించి, నెమ్మదిగా నిలబడి, పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు అడుగు వేయమన్నారు.

కంటి సంగతీ బయటపడింది. ఎడమకంటికి ఎప్పుడో శుక్లాల ఆపరేషను అయింది. కుడికన్ను ‘తర్వాత చూద్దాంలే’ అని వదిలేశారు. నవంబరులో అదీ అయింది. పైన దూరానికీ కింద చదువుకీ ఉండే రెండు భాగాల అద్దాల్లోంచి కిందికి చూస్తే గడపలూ, మెట్లూ అలికినట్టు కనపడతాయట. నడిచేటప్పుడు పెట్టుకోవడానికి దూరపు చూపు అద్దాలు విడిగా చేయించారు.

ఇక ఫిజియో అమ్మాయి ఇచ్చిన పాఠం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. మొదట్లో మూడుసార్లకే ఆయాసం. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం పదిసార్లు. గట్టు పట్టుకునే ఒంటికాలి మీద నిలబడటం. గోడ పక్కన ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి దారం మీద నడిచినట్టు నడవడం. దగ్గర ఒకరు నిలబడి ఉండాలి. వ్యాయామం మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన 108 పరీక్షల్ని కలిపి చూసిన 2019 నాటి సమీక్షలో, వ్యాయామం చేసే పెద్దవాళ్లలో పడటాలు దాదాపు నాలుగోవంతు తగ్గాయని తేలింది. ‘కూర్చో’ అన్న ప్రేమ కంటే ‘లే, నడువు’ అన్న ప్రేమకే ఫలితం ఎక్కువన్నమాట.

ఇంకో పాఠం మామ్మగారికి చాలా నచ్చింది. పడ్డాక లేవడం ఎలా? దెబ్బేమీ తగల్లేదని నమ్మకం కుదిరితే ముందు ఓ పక్కకి ఒత్తిగిలాలి. మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీదికి రావాలి. పసివాళ్లలా పాకుతూ గట్టి కుర్చీ దగ్గరికి వెళ్లి, దాని మీద చేతులానించి, బలమున్న కాలు ముందుకు మడిచి లేవాలి. తుంటి దగ్గర నొప్పి ఉన్నా, కాలు పక్కకి తిరిగిపోయినట్టున్నా మాత్రం కదలకూడదు. 108కి ఫోను చెయ్యాలి. తలకి దెబ్బ తగిలితే బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లయితే మరీను. పరుపు పరిచి వారానికోసారి లేవడం సాధన చేయించారు. ‘ఆ రోజు ఇది తెలిసుంటే గంటన్నరపైన కప్పుకేసి చూస్తూ పడుండేదాన్ని కాదుగా’ అన్నారావిడ.

గడప చెప్పిన రహస్యం

డిసెంబరులో కొడుకు నాలుగురోజులు సెలవు పెట్టి తల్లిని తెనాలి తీసుకొచ్చాడు. కూతురు గుంటూరు నుంచి వచ్చింది. తల్లి వెనకే ఇద్దరూ నోటుపుస్తకం పట్టుకుని పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఆవిడ ఎటు తిరిగితే అటు తిరిగారు. ‘ఇక్కడ దేన్ని పట్టుకుంటావమ్మా? ఇక్కడ ఎందుకు వంగుతావు?’ అని అడుగుతూ రాసుకున్నారు.

కొడుకు ముందుగా గడపలన్నీ తీయించేద్దామన్నాడు. మామ్మగారు ఒప్పుకోలేదు. ‘గడప లేని ఇల్లేమిటిరా?’ అన్నారు. అని, ఓ నిమిషం ఆలోచించి... ‘అవునూ, వీధి గడప తగిలి ఈ ఇంట్లో ఎవరైనా పడ్డారా ఎప్పుడైనా? అది అన్నిటికన్నా ఎత్తు కదా!’

ఎవరూ పడలేదు. ఎందుకంటే ఆ గడపకి పసుపు ఉంది. ఎర్రటి కుంకుమ బొట్లున్నాయి. మసక వెలుతుర్లోనూ ‘ఇక్కడ నేనున్నాను’ అని అది చెబుతుంది. లోపలి గడపలేమో నేల రంగులోనే, బూడిద రంగులో, నేలలో కలిసిపోయి ఉన్నాయి. మెట్టు అంచుకీ గడపకీ నేలతో కలవని రంగు వేయాలన్నదే నిపుణులు చెప్పే మాట కూడా. ఆ సాయంత్రానికల్లా ఇంట్లో గడపలన్నిటికీ పచ్చరంగు పెయింటు పడింది. బాత్రూము గడప ఒక్కటి మాత్రం కొట్టించి, నున్నగా కాకుండా గరుకుగా ఏటవాలు చేయించారు. దానికి పూజ లేదు కాబట్టి మామ్మగారికి అభ్యంతరం లేకపోయింది.

మిగతా పనులకి మేస్త్రీ, వడ్రంగి, కరెంటు మనిషి... ముగ్గురికీ కలిపి మూడు రోజుల పని. ఇన్నాళ్లూ బాత్రూములో ఆవిడ పట్టుకుని లేచింది తువ్వాలు వేసుకునే రాడ్డుని. అది తువ్వాలు బరువుకే గానీ మనిషి బరువుకి పెట్టింది కాదు. దాని బదులు కమోడు పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి, ఇటుక గోడలోకి లోతుగా మరలు దించి స్టీలు కడ్డీలు బిగించారు. నున్నటి టైల్స్ తీసి గరుకువి వేశారు. తేలికపాటి ప్లాస్టిక్ స్టూలు తీసేసి, కాళ్లకి రబ్బరు తొడుగులున్న బరువైన స్టూలు పెట్టారు.

కుంగిపోయిన నవారు మంచం వసారాలోకి వెళ్లింది. కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనే ఎత్తులో గట్టి మంచం వచ్చింది. మంచం నుంచి బాత్రూము దాకా గోడ కింది భాగంలో, మనిషి కదలగానే వెలిగే చిన్న దీపాలు మూడు. కరెంటు పోయినా వెలిగేలా ఇన్వర్టరు. దిండు పక్కన మేకుకి తాడుతో వేలాడే టార్చి. అటక మీది ఆవకాయ జాడీలూ, పండగ గిన్నెలూ నడుము ఎత్తు అరల్లోకి దిగాయి. అటకెక్కే స్టూలు ఎదురింటికి దానం. కాళ్లపట్టాల్లో అడుగున రబ్బరున్నవి ఉంచి, మిగతావి తీసేశారు.

ఇంట్లో చెప్పులేసుకోవడానికి మొదట ఆవిడ ససేమిరా అన్నారు. చివరికి కొత్తవి, వెనక పట్టీ ఉన్నవి, వీధిలోకి వెళ్లనివి ఒక జత ఇంటికే కేటాయించారు. పూజగది ముందు వదిలి వెళ్లడానికి, కూర్చుని వేసుకోవడానికి అక్కడో కుర్చీ. అరిగిపోయిన హవాయి చెప్పులు చెత్తబుట్టలోకి. చీర కుచ్చిళ్లు చీలమండ పైకి. పనిమనిషికీ ఓ మాట... తడిగుడ్డ పెట్టాక ఫ్యాను వేసి, నేల ఆరేదాకా మామ్మగారిని మంచం దిగనివ్వొద్దని. నూతిపళ్లెం మీద పాచి పట్టకుండా వానాకాలమంతా వారానికోసారి బ్లీచింగు పొడి వేసి రుద్దాలని.

ఇంట్లో ప్రమాదాలకు తావిచ్చేవాటిని ఇలా సరిచేయడం వల్ల ఫలితం ఉంటుందా? 2023లో వచ్చిన ఓ పెద్ద సమీక్ష ప్రకారం పడటాలు 26 శాతం దాకా తగ్గాయి. ఇదివరకే పడ్డవాళ్లలాంటి, ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లలోనైతే 38 శాతం. మామ్మగారి ఇంటికి మొత్తం అయిన ఖర్చు మనవడి ల్యాప్‌టాప్ ధర కన్నా తక్కువే.

చివరగా ఎదురింటావిడతో ఓ ఏర్పాటు. పొద్దున ఆరున్నరకల్లా మామ్మగారి వీధి తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే ఆవిడ వచ్చి తడుతుంది. తాళంచెవి ఒకటి వాళ్లింట్లోనే ఉంటుంది. పెద్ద అంకెలున్న ఫోను ఒకటి గుడ్డసంచీలో మామ్మగారి మెడలో ఉంటుంది. స్నానానికెళ్లినా బాత్రూములో చెయ్యందే చోట కొక్కానికి అది వేలాడాల్సిందే.

ఒక్క షరతు

పనులన్నీ అయ్యాక తల్లీ పిల్లలూ అరుగు మీద కూర్చున్నారు. కూతురు నోటుపుస్తకంలో చివరి పేజీ తీసింది. ‘ఇంకొక్కటి మిగిలిందమ్మా. కాలు తూలినా, పట్టు తప్పినా, పడ్డా... ఆ రోజే చెప్పాలి. పడకపోయినా సరే చెప్పాలి.’

‘చెబుతా. కానీ నాదీ ఓ షరతు’ అన్నారు మామ్మగారు. ‘చెప్పిన ప్రతిసారీ ఇక్కడికొచ్చెయ్ అనకూడదు. ముందు ఎలా పడ్డావని అడగాలి.’

కొడుకు కాసేపు వీధికేసి చూస్తూ కూర్చున్నాడు. ‘సరేనమ్మా’ అన్నాడు. రేపెప్పుడైనా నిజంగా ఒంటరిగా ఉండలేని రోజు వస్తే ఆ మాట ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాలనీ, ఒక్కరే తేల్చేయకూడదనీ కూడా అనుకున్నారు. అలాంటి రోజు రాదని ఎవరూ అనలేదు.

2024 సంక్రాంతికి ఆ వాకిట్లో ముగ్గు పడింది. కళ్లాపి పనిమనిషి చల్లింది. నేల ఆరి, తెల్లగా వెలుగొచ్చాక మామ్మగారు దిగారు. ముగ్గు పోయినేటికన్నా చిన్నది. మధ్యలో రెండుసార్లు అరుగు మీద కూర్చుని అలుపు తీర్చుకున్నారు. కూకట్‌పల్లిలో ఇరవైఒక్క సెకన్లు పట్టిన నడక అప్పటికి పదమూడుకి వచ్చింది. ఇంకా రెండు సెకన్లు తగ్గాలని రోజూ కుర్చీతో కుస్తీ పడుతూనే ఉన్నారు.

ఆ జూలైలో ఓ మధ్యాహ్నం. ఆఫీసులో ఉండగా కొడుక్కి ఫోను. తెనాలి నుంచి. పనివేళల్లో అమ్మ ఎప్పుడూ చెయ్యదు. గుండె జల్లుమంది.

‘ఏంటమ్మా?’

‘ఏం లేదురా. పొద్దున పెరట్లో కాలు జారింది. పడలేదు, గోడ దొరికింది. చెప్పమన్నావుగా... అందుకని చేశా.’

‘ఇక్కడి...’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగాడు.

‘ఎక్కడమ్మా? ఏం చేస్తున్నావప్పుడు?’

‘తులసికోట దగ్గర. రాత్రి వాన పడిందిగా. పాచి పట్టినట్టుంది.’

‘అక్కడ పట్టుకోవడానికేం లేదు కదూ?’

‘లేదు. చిన్న కడ్డీ ఒకటి ఉంటే బావుంటుందనిపించింది.’

‘మేస్త్రీకి ఇప్పుడే ఫోను చేస్తా’ అన్నాడు కొడుకు.